కాంపోనెంట్ టెస్టర్ చూపే అంకెను నమ్మదగినదిగా చేసుకోవడం ఎలా?

ఫ్యాను కండెన్సర్ మీద 2.5 మైక్రోఫ్యారడ్‌లు అని, పక్కనే ఐదు శాతం అటూ ఇటూ అని ముద్రించి ఉంటుంది. అంటే విలువ 2.375 కంటే తగ్గకూడదు. మీ చేతిలోని కాంపోనెంట్ టెస్టర్ (భాగాన్ని తగిలిస్తే అదేమిటో, విలువెంతో తెర మీద చూపే చిన్న పరికరం) 2.31 చూపింది. కండెన్సర్ పారేయాలా? టెస్టరే ఐదు శాతం తక్కువ చూపుతుంటే ఆ కండెన్సర్ అసలు విలువ 2.43. అప్పుడు దానికి ఏ జబ్బూ లేదు, జబ్బంతా ఫ్యానులోనే ఎక్కడో ఉంది.

అనంతపురంలో ఈ తేడా చిన్న విషయం కాదు. ఎండలు ముదిరేసరికి ఫ్యాన్లు, కూలర్లు, బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు రిపేరు బల్ల మీదికి వరుస కడతాయి. బోరు మోటారు కండెన్సర్ బాగుందని తప్పుగా చెబితే రైతు పొలానికి తిరిగి వెళ్లి, మోటారు ఎత్తక, మళ్లీ పట్నానికి రావాలి. ఆ రెండు రోజుల్లో పైరు నీళ్లకు ఎదురుచూస్తుంది. అందుకే కొన్ని వందల రూపాయలకు దొరికే ఈ చిన్న పరికరాన్ని నమ్మదగినదిగా మార్చుకోవడం ఎలాగో వివరంగా రాస్తున్నాను. చాలామంది మొదట కొత్త ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) కోసం వెతుకుతారు. నా మాట వింటే దాన్ని చివరికి ఉంచండి. తప్పు చూపే బోర్డు మీద కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించినా అదే తప్పు ఇంకాస్త అందంగా కనిపిస్తుంది.

లోపల ఏముందో ముందు తెలుసుకోండి

ఈ టెస్టర్ జర్మనీలో పుట్టింది. మార్కస్ ఫ్రెజెక్ మొదలుపెట్టిన పనిని కార్ల్ హైన్జ్ క్యూబెలర్ ఎంతో విస్తరించారు. ఆ తరువాత మార్కస్ రెష్కె మరో ఫర్మ్‌వేర్ రాశారు. వీరి శ్రమంతా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. మార్కెట్‌లో దొరికే చవక బోర్డుల్లో ఎక్కువ భాగం ఆ రూపకల్పనకు నకళ్లే.

మధ్యలో ఉండేది ఏటీమెగా328 చిప్. దాని మూడు కాళ్లు మూడు ప్రోబ్‌లకు (భాగాన్ని తగిలించే కొనలకు) వెళ్తాయి. ఒక్కో ప్రోబ్‌కు రెండు రెసిస్టర్లు ఉంటాయి. ఒకటి 680 ఓమ్‌లు, రెండోది 470 కిలో ఓమ్‌లు. అంటే మొత్తం ఆరు. చిప్ వీటి ద్వారానే భాగంలోకి కరెంటు పంపుతుంది. 680 ద్వారా దాదాపు 7 మిల్లీ ఆంపియర్లు, 470 కిలో ద్వారా దాదాపు 10 మైక్రో ఆంపియర్లు వెళ్తాయి. కండెన్సర్ ఎంతసేపట్లో నిండిందో, రెసిస్టర్ మీద ఎంత వోల్టేజి నిలిచిందో చూసి లెక్క కడుతుంది.

దీన్ని బట్టి ఏ భాగానికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో తేలుతుంది. రెసిస్టెన్స్ కొలతలో తెలియని రెసిస్టర్‌ను తెలిసిన 680తోనో 470 కిలోతోనో పోల్చడమే జరుగుతుంది కాబట్టి 5 వోల్ట్‌ల సరఫరా కాస్త అటూ ఇటూ అయినా ఫలితం పెద్దగా చెడదు. కండెన్సర్ కొలతలో అలా కాదు. అక్కడ ఆ ఆరు రెసిస్టర్లతో పాటు చిప్ లోపలి 1.1 వోల్ట్‌ల రిఫరెన్స్ (చిప్ పోల్చి చూసుకునే స్థిర వోల్టేజి) కూడా లెక్కలోకి వస్తుంది. ఆ రిఫరెన్స్ ఒక చిప్‌లో 1.0, మరో చిప్‌లో 1.2 ఉండవచ్చని తయారీదారు పత్రమే చెబుతోంది. చిప్‌కు వేగాన్ని ఇచ్చే క్రిస్టల్ మాత్రం లక్షలో కొన్ని వంతుల తేడాతో నడుస్తుంది. దాని జోలికి వెళ్లకండి.

బోర్డును గుర్తించండి, పాత లెక్క రాసుకోండి

డబ్బా విప్పి చిప్ మీద అచ్చు చదవండి. ఏటీమెగా328పి అని ఉండి, 28 కాళ్ల చిప్ సాకెట్‌లో కూర్చుని ఉంటే మీరు అదృష్టవంతులు. బోర్డుకు అతికించిన చిన్న చదరపు చిప్ అయినా ఫరవాలేదు, ప్రోగ్రామ్ ఎక్కించే ఆరు రంధ్రాలు బోర్డు మీద ఉన్నాయేమో చూడండి. కొన్ని కొత్త నకళ్లలో వేరే కంపెనీ చిప్ ఉంటుంది. దానికి ఈ ఫర్మ్‌వేర్ పనికిరాదు. అయితే రెసిస్టర్ల గురించి కింద చెప్పేది దానికీ ఉపయోగపడవచ్చు.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీయండి. 1 శాతం రెసిస్టర్లు నాలుగు తీసుకోండి: 10 ఓమ్‌లు, 1 కిలో, 100 కిలో, 1 మెగా. ప్రతిదాన్నీ 1-2 ప్రోబ్‌ల మధ్య, 2-3 మధ్య, 1-3 మధ్య పెట్టి మూడు విలువలూ రాయండి. ఒకే రెసిస్టర్ మూడు చోట్లా ఒకే విలువ చూపితే లోపలి రెసిస్టర్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయని అర్థం. ఒక చోట 998, మరో చోట 1012 వస్తే జబ్బు ఎక్కడుందో అప్పుడే తెలిసిపోయింది. ఈ పట్టిక లేకుండా ముందుకు వెళ్లకండి. రేపు మార్పులన్నీ చేశాక బాగుపడిందో లేదో చెప్పగలిగేది ఇదొక్కటే.

ఆరు రెసిస్టర్లు: అసలు పని ఇక్కడే

0.1 శాతం రెసిస్టర్లు దొరికితే 680 మూడు, 470 కిలో మూడు కొనండి. అనంతపురం దుకాణాల్లో ఇవి అడిగితే సాధారణంగా 1 శాతం మెటల్ ఫిల్మ్‌వే చూపిస్తారు. బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకో వెళ్లేవారు ఉంటే చెప్పి తెప్పించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కొనేటప్పుడు ఉష్ణోగ్రతతో ఎంత మారుతుందో కూడా చూడండి. మన ఊళ్లో డిసెంబరు ఉదయం గదిలో 18 డిగ్రీలు ఉంటే మే నెల మధ్యాహ్నం 40 దాకా పోతుంది. అంటే 22 డిగ్రీల తేడా. డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారే రెసిస్టర్ ఆ తేడాకే 0.22 శాతం కదులుతుంది. మీరు కొన్న 0.1 శాతం ఖచ్చితత్వం అక్కడితో కరిగిపోతుంది. పది లక్షల్లో 25 వంతులు అని ఉన్నవి తీసుకుంటే మార్పు 0.055 శాతంలోనే ఆగుతుంది.

అవి దొరకకపోతే నిరాశ అక్కర్లేదు. ఒకే పట్టీ నుంచి 1 శాతం 680 ఓమ్ రెసిస్టర్లు 30 కొనండి, మంచి మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచి, ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్న మూడింటిని ఏరండి. 470 కిలోలతోనూ అలాగే చేయండి. వేళ్లతో రెండు కాళ్లూ పట్టుకుని 470 కిలో కొలవకండి, మీ ఒళ్లు కూడా అందులో కలుస్తుంది. మూడూ 678.6 వచ్చినా నష్టం లేదు, మూడూ ఒకేలా ఉండటమే ముఖ్యం. ఎందుకంటే ఫర్మ్‌వేర్‌లో 680కి ఒకే ఒక విలువ ఉంటుంది, దాన్ని 679గా మార్చుకోవచ్చు. మూడింటికీ మూడు వేర్వేరు విలువలు ఇచ్చే వీలు లేదు. ఇలా ఏరడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే. ఖరీదైన భాగం లేకుండా ఓపికతో ఖచ్చితత్వాన్ని సంపాదించడం ఇందులో కనిపిస్తుంది.

పాతవి తీసేటప్పుడు ఫ్లక్స్ (సోల్డర్ సాఫీగా కరిగి పారేందుకు పూసే జిగురు) ధారాళంగా వాడండి. చవక బోర్డుల రాగి పొర తొందరగా లేచిపోతుంది. ఐరన్ ఒకే చోట మూడు సెకన్లకు మించి ఉంచకండి. సోల్డర్ వదలకపోతే బలం ఉపయోగించకుండా, కొత్త సోల్డర్ కొద్దిగా కలిపి మళ్లీ లాగండి. కొత్తవి అతికించాక మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత బ్రష్‌తో కడగండి. ఇది అలంకారం కోసం చెప్పడం లేదు. 470 కిలో పక్కన జిగురులా మిగిలిన ఫ్లక్స్ తేమ పీల్చి కరెంటును కారనిస్తుంది, దాంతో మెగా ఓమ్‌ల కొలత తప్పుతుంది.

రిఫరెన్స్, ఏఆర్‌ఈఎఫ్ కండెన్సర్

బోర్డు మీద మూడు కాళ్ల టీఎల్431 ఉంటే అది 2.495 వోల్ట్‌ల రిఫరెన్స్. ఫర్మ్‌వేర్ దాన్ని చూసి అసలు సరఫరా 5 వోల్ట్‌లా, 4.93 వోల్ట్‌లా అని తేల్చుకుంటుంది. మామూలు టీఎల్431కు 2 శాతం, ‘ఎ’ రకానికి 1 శాతం, ‘బి’ రకానికి అర శాతం తేడా ఉండవచ్చు. ఎల్ఎం4040 ‘ఎ’ రకం 2.5 వోల్ట్‌ల చిప్ 0.1 శాతంలో దొరుకుతుంది. దాని కాళ్ల వరుస వేరు, డేటాషీట్ చూసి తిప్పి పెట్టాలి. అయితే రిఫరెన్స్‌ను మార్చకుండానే చాలావరకు సరిచేయవచ్చు. టెస్టర్ ఆన్‌లో ఉండగా నమ్మదగిన మల్టీమీటర్‌తో దాని వోల్టేజి కొలిచి, 2.481 వస్తే 2.481 అని రాసుకోండి. ఫర్మ్‌వేర్ కంపైల్ చేసేటప్పుడు ఆ అంకె ఇవ్వాలి. ఇక్కడ మల్టీమీటర్ నాణ్యతే మీ టెస్టర్ నాణ్యత అవుతుంది కాబట్టి, ఇంజనీరింగ్ కళాశాల ల్యాబ్‌లో తెలిసినవారుంటే వెళ్లి నాలుగున్నర అంకెల మీటర్‌తో ఒక్కసారి కొలిపించుకోండి.

28 కాళ్ల చిప్‌లో 21వ కాలు ఏఆర్‌ఈఎఫ్, అంటే రిఫరెన్స్ వోల్టేజి ఉండే కాలు. అక్కడి నుంచి గ్రౌండ్‌కు ఒక కండెన్సర్ ఉంటుంది. నకళ్లలో అది తరచుగా 100 నానోఫ్యారడ్‌లు. కొలత మధ్యలో చిప్ రిఫరెన్స్‌ను 5 నుంచి 1.1 వోల్ట్‌లకు మార్చినప్పుడు ఆ కండెన్సర్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. అందుకని 1 నానోఫ్యారడ్ పెట్టమని క్యూబెలర్ తన వివరణలో సూచించారు. రెండు నిమిషాల పని, తప్పకుండా చేయండి.

బ్యాటరీ వైపు

చాలా బోర్డుల్లో 78ఎల్05 రెగ్యులేటర్ ఉంటుంది. అది సరిగా 5 వోల్ట్‌లు ఇవ్వాలంటే బ్యాటరీ 7 వోల్ట్‌ల దగ్గరైనా ఉండాలి. దాని బదులు ఎంసీపీ1702 రెగ్యులేటర్ పెడితే బ్యాటరీని దాదాపు చివరి వరకు వాడుకోవచ్చు. కాళ్ల వరుసతో జాగ్రత్త. చదునైన ముఖం మీ వైపు ఉంటే 78ఎల్05కు ఎడమ నుంచి అవుట్‌పుట్, గ్రౌండ్, ఇన్‌పుట్. ఎంసీపీ1702కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పాతది ఉన్నట్టే కొత్తది దిగిస్తే బ్యాటరీ తలకిందులుగా కలిసినట్టే. ఇంకో మాట. ఎంసీపీ1702కు 13.2 వోల్ట్‌లు మించకూడదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ల మీద 12 అని రాసి ఉన్నా లోడు లేనప్పుడు 16 దాకా చూపుతాయి, వాటిని కలపకండి.

చిప్‌ను చంపేది కండెన్సరే

రెండేళ్ల కిందట నేను ఒక బోరు మోటారు కండెన్సర్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి బల్ల మీద పెట్టాను. ఫోను రావడంతో పది నిమిషాలు మాట్లాడి వచ్చి టెస్టర్‌కు కలిపాను. తెర ఆరిపోయింది. షార్ట్ చేశాను కదా, ఎలా జరిగింది? పెద్ద కండెన్సర్ లోపలి పొర కొంత చార్జిని తనలో దాచుకుని, వదిలేశాక మళ్లీ పైకి తెస్తుంది. చిప్ కాలికి 5 వోల్ట్‌లకు మించి తగిలితే చాలు, ఆ ప్రోబ్ పని అయిపోతుంది.

కాబట్టి 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు ఇన్సులేటెడ్ క్లిప్పులు అతికించి దగ్గర ఉంచుకోండి. కరెంటు పూర్తిగా తీసేశాక దాన్ని కండెన్సర్‌కు పది సెకన్లు కలిపి ఉంచండి. మల్టీమీటర్‌తో సున్నా ఉందని చూడండి. ఆ తరువాత రెండు టెర్మినల్స్‌ను ఒక తీగతో కలిపేసి, టెస్టర్‌కు తగిలించే క్షణం ముందు మాత్రమే ఆ తీగ తీయండి. ప్రోబ్‌ల దగ్గర ఎస్ఆర్‌వీ05-4 లాంటి రక్షణ చిప్ పెట్టవచ్చు, పెడితే మంచిదే. అది చిన్న దెబ్బలను ఆపుతుంది. 440 వోల్ట్‌ల కండెన్సర్ నిండుగా ఉంటే దాన్ని ఏ చిన్న చిప్పూ ఆపలేదు.

ఇప్పుడు ఫర్మ్‌వేర్

చవక బోర్డుల చిప్‌లు సాధారణంగా లాక్ చేసి ఉంటాయి. లోపలిది చదివి దాచుకోలేరు, చెరిపితే పాతది పోయినట్టే. సాకెట్ ఉన్నవారు పాత చిప్‌ను అలాగే తీసి భద్రపరచి, కొత్త ఏటీమెగా328పి మీద పని చేయండి. పాడైనా వెనక్కి వెళ్లే దారి ఉంటుంది.

చిప్‌లోకి ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ చాలు. అది లేకపోతే ఆర్డ్యూనో యూనోను కూడా ప్రోగ్రామర్‌గా వాడుకోవచ్చు, అందుకు కావలసిన ఉదాహరణ ప్రోగ్రామ్ ఆర్డ్యూనో సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. బ్యాటరీ తీసేయండి. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 1 మెగాహెర్ట్జ్ వేగంతోనే నడుస్తుంది. అందువల్ల మొదటిసారి ప్రోగ్రామర్ వేగాన్ని బాగా తగ్గించి పలకరించాలి. చిప్ జవాబు ఇవ్వడం లేదని కంగారుపడేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే.

రెష్కె ఫర్మ్‌వేర్‌తో పాటు క్లోన్స్ అనే ఫైలు వస్తుంది. తెలిసిన నకలు బోర్డులకు ఏ తెర, ఏ కాలు, ఏ బటన్ అన్నది అందులో రాసి ఉంటుంది. మీ బోర్డు పేరు వెతికి ఆ వరుసలను కాన్ఫిగ్ ఫైలులో పెట్టండి. మీరు కొలిచి రాసుకున్న 680, 470 కిలోల అసలు విలువలు, రిఫరెన్స్ వోల్టేజి కూడా అప్పుడే ఇవ్వండి. ఫ్యూజ్ బిట్లు (చిప్ ఏ క్రిస్టల్‌తో, ఎలా నడవాలో చెప్పే సెట్టింగులు) 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న బోర్డుకు ఇవి: లో ఫ్యూజ్ ఎఫ్7, హై ఫ్యూజ్ డి9, ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్ ఎఫ్‌సి. ఒక్క అక్షరం తప్పు పడినా చిప్ మళ్లీ మాట్లాడకపోవచ్చు కాబట్టి ఎక్కించే ముందు రెండుసార్లు చదవండి. ప్రధాన ఫైలుతో పాటు ఈఈప్రామ్ (ఆఫ్ చేసినా చెరగని చిప్ లోపలి జ్ఞాపకం) ఫైలును కూడా ఎక్కించండి. అది మరిచిపోతే తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. తెర తెల్లగానే ఉండిపోతే చిప్ పోయిందనుకోకండి, తెర కాళ్ల అమరిక తప్పై ఉంటుంది. సరిచేసి మళ్లీ ఎక్కించండి.

క్యాలిబ్రేషన్

టెస్టర్ తన తప్పును తానే కొలిచి సరిచేసుకునే ఈ పనిని రేకుల షెడ్డులో మిట్ట మధ్యాహ్నం కాకుండా, మీరు రోజూ పనిచేసే గదిలో, సాయంత్రం పూట చేయండి. బోర్డు అరగంట అక్కడే కదలకుండా ఉండాలి. కొత్త బ్యాటరీ పెట్టండి. మీరు ఎప్పుడూ వాడే ప్రోబ్ తీగలనే కలపండి, ఎందుకంటే ఇప్పుడు కొలిచి తీసివేయబోయేది ఆ తీగల రెసిస్టెన్స్‌నే. సాకెట్ కాంటాక్టుల్లో మన ఊరి దుమ్ము చేరి ఉంటుంది, ముందు ఆల్కహాల్‌తో తుడవండి.

క్యూబెలర్ ఫర్మ్‌వేర్‌లో మూడు ప్రోబ్‌లనూ కలిపి బటన్ నొక్కితే పరీక్ష మొదలుపెట్టాలా అని అడుగుతుంది, వెంటనే మళ్లీ నొక్కాలి. రెష్కెది అయితే మెనూలో సెల్ఫ్‌టెస్ట్, అడ్జస్ట్‌మెంట్ విడివిడిగా ఉంటాయి. కలపడానికి వదులుగా ఉండే క్లిప్పులు వద్దు. మందమైన పొట్టి రాగి తీగ వాడండి. పరీక్ష మొదట లోపలి రిఫరెన్స్‌ను చూపుతుంది, తరువాత మూడు 680లను, ఆపై మూడు 470 కిలోలను ఒకదానితో ఒకటి పోల్చి తేడాలు చూపుతుంది. అవి సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే మీరు సాయంత్రమంతా ఏరిన శ్రమ అంత ఫలించినట్టు. ఒకటి మాత్రమే దూరంగా ఉంటే ఆ ప్రోబ్ రెసిస్టర్ సోల్డర్‌ను మళ్లీ చూడండి.

తరువాత ప్రోబ్‌లను విడదీయమని అడుగుతుంది. విడదీసి చేతులు దూరం పెట్టండి. ఖాళీ తీగల మధ్య ఉండే కొన్ని పదుల పికోఫ్యారడ్‌లను కొలుస్తోంది అప్పుడు. చివరగా క్యూబెలర్ ఫర్మ్‌వేర్ 1, 3 ప్రోబ్‌ల మధ్య కండెన్సర్ పెట్టమంటుంది. ఇక్కడ 220 నానోఫ్యారడ్‌ల ఫిల్మ్ కండెన్సర్ పెట్టండి, రెండు ఫర్మ్‌వేర్‌లకూ సరిపోతుంది. దాని మీద 224 అని ఉంటుంది. సిరామిక్, ఎలక్ట్రోలైటిక్ రకాలు వద్దు. రెష్కె ఫర్మ్‌వేర్‌లో చివర సేవ్ చేయడం మరవకండి, లేకపోతే ఆఫ్ చేయగానే అంతా పోతుంది. ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించినప్పుడు ఈఈప్రామ్ చెరిగిపోతుంది కాబట్టి అప్పుడూ, తీగలు మార్చినప్పుడూ ఇదంతా తిరిగి చేయాలి.

సరిచూసుకోవడం

మొదటి రోజు నోటుపుస్తకంలో రాసిన నాలుగు రెసిస్టర్లనూ అవే మూడు స్థానాల్లో పెట్టి పక్క గడిలో కొత్త విలువలు రాయండి. కొత్త ఫ్యాను కండెన్సర్ ఒకటి కొని ఉంచుకోండి. పాలీప్రొపైలిన్ రకం కాబట్టి దాని ఈఎస్‌ఆర్ (కండెన్సర్ లోపల వరుసగా ఉన్నట్టు కనిపించే రెసిస్టెన్స్) దాదాపు సున్నా చూపాలి. దానికి వరుసగా 1 ఓమ్ రెసిస్టర్ కలిపి కొలిస్తే ఈఎస్‌ఆర్ సరిగ్గా 1 ఓమ్ మేర పెరగాలి. ఎలక్ట్రోలైటిక్‌ల ఈఎస్‌ఆర్ కొలతను నమ్మవచ్చో లేదో తేల్చడానికి ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

ఎంత సరిచేసినా ఇది 5 వోల్ట్‌లతో కొలిచే పరికరమే. గేటు తెరవడానికి 5 వోల్ట్‌లకు మించి కావలసిన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌ను గుర్తించలేదు, వోల్టేజి పెంచే బూస్ట్ సర్క్యూట్ లేకుండా 5 వోల్ట్‌లు, ఆపై జీనర్ డయోడ్లను కొలవలేదు. స్టార్టర్ పెట్టెలోని కండెన్సర్ ఇక్కడ 36 మైక్రోఫ్యారడ్‌లు చక్కగా చూపి, అసలు వోల్టేజి పడగానే లోపల కాలిపోయే అవకాశం ఉంది. కాబట్టి అంకె సరిగా ఉన్నా కండెన్సర్ ఉబ్బి ఉంటే, నూనె కారుతుంటే రైతుకు కొత్తదే వేయించుకోమని చెప్పండి.

క్యాలిబ్రేషన్ చేసిన తేదీ, అప్పటి గది ఉష్ణోగ్రత, రిఫరెన్స్ వోల్టేజి, మూడు ప్రోబ్‌ల సున్నా విలువలు, 220 నానోఫ్యారడ్‌ల కండెన్సర్‌కు టెస్టర్ చూపిన విలువ ఒక చిన్న కాగితం మీద రాసి డబ్బా వెనక అతికించండి. వేసవి మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి అదే 220 నానోఫ్యారడ్‌ల కండెన్సర్‌ను కొలిచి ఆ కాగితంతో పోల్చండి. ఒక శాతానికి మించి కదిలితే రాగి తీగ మళ్లీ బయటకు తీయండి.